ఏతము నుండి టవర్ క్రేను వరకు
బరువులెత్తు యంత్రముల చరిత్ర - వాటి సంరక్షణ

పల్లెటూళ్ళలో కరెంటు మోటార్లు రాక పూర్వము బావుల వద్ద ఏతములు ఉండేవి. నేలలో నాటిన ఒక గుంజ, దాని తలపై అడ్డముగా ఒక పొడవైన దూలము. దూలపు ఒక కొనకు నీళ్ళు తోడే బాన, రెండవ కొనకు ఆ బరువుకు సరితూగే రాళ్ళు. కొన్ని చోట్ల రాళ్ళకు బదులు మనుషులే దూలము మీద ముందుకు, వెనుకకు నడిచేవారు. నేడు నగరములలో పెద్ద భవనములు కట్టే చోట ఆకాశములోనికి చేయి చాచి నిలిచే టవర్ క్రేనును తేరిపార చూచినచో అందులో కనిపించేది ఈ ఏతమే. గుంజ స్థానములో ఉక్కు కమ్ముల స్తంభము, దూలము స్థానములో పొడవైన ఉక్కు బాహువు, బాన స్థానములో కొక్కెము, రాళ్ళ స్థానములో కాంక్రీటు దిమ్మలు. సూత్రము ఒక్కటే.

భేదము ముప్పులో ఉన్నది. ఏతము విరిగితే దానిపై నడిచేవానికి దెబ్బ తగులుతుంది. టవర్ క్రేను కూలినచో దాని పై గదిలో కూర్చున్న డ్రైవరుకు, క్రింద పనిచేసే కూలీలకు మాత్రమే గాక, వీధిన పోయేవారికి, ప్రక్క ఇంటిలో ఉన్నవారికి కూడ ప్రాణాపాయము కలుగుతుంది. అందుచేత ఈ యంత్రమును కనిపెట్టిన చరిత్ర ఎంత ముఖ్యమో, దానిని కాపాడుకొనుట నేర్చుకొన్న చరిత్ర కూడ అంతే ముఖ్యము. ఈ రెండవ చరిత్ర ఆలస్యముగా మొదలైనది. అది ఇంకను ముగియలేదు.

కప్పీ, తాడు, మనిషి నడిచే చక్రము

ఈజిప్టు పిరమిడ్ల కాలములో పెద్ద రాళ్ళను ఏటవాలు మార్గములపై లాగి పైకి చేర్చేవారు. రాతిని నేల నుండి నిలువుగా పైకి లేపే యంత్రము గ్రీసు దేశములో క్రీస్తు పూర్వము 6వ శతాబ్దపు చివరి భాగమున కనిపిస్తున్నది. ఆనాటి దేవాలయముల రాళ్ళలో పట్టుకారులు దిగుటకై తొలిచిన గుంటలే ఇందుకు సాక్ష్యము. పొడవైన మెడ వంచి నేల మీది వస్తువును ముక్కుతో ఎత్తే కొంగజాతి పక్షిని గ్రీకులు 'గెరానోస్' అనేవారు. యంత్రమునకు కూడ ఆ పేరే పెట్టినారు. ఇంగ్లీషులోని 'క్రేను' అనే మాట కూడ ఆ పక్షి పేరే.

రోము దేశపు శిల్పశాస్త్రవేత్త విట్రూవియస్ క్రీస్తు పూర్వము 1వ శతాబ్దములో వ్రాసిన గ్రంథపు పదవ భాగములో మూడు కప్పీల యంత్రమును, ఐదు కప్పీల యంత్రమును వర్ణించినాడు. కప్పీల సంఖ్య పెరిగినకొలది లాగవలసిన బలము తగ్గుతుంది. అయితే లాగవలసిన తాడు పొడవు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. తాడు చుట్టే ఇరుసుకు ఒక పెద్ద బోలు చక్రమును అమర్చి, ఆ చక్రములో మనుషులను నడిపించి ఇంకను పెద్ద బరువులను ఎత్తినారు. రోము నగరమునకు చెందిన హతేరీ కుటుంబపు సమాధిపై అట్టి యంత్రము, అందులో నడిచే మనుషులు చెక్కబడి ఉన్నారు. ఆ శిల్పము నేడు వాటికన్ ప్రదర్శనశాలలో ఉన్నది.

ఐరోపాలో మధ్యయుగపు పెద్ద చర్చీలు లేచినది ఈ చక్రముల తోడనే. అయితే ఆ రోజులలో పని ఎంత ప్రమాదకరమో తెలిపే సంఘటన ఒకటి ఉన్నది. ఇంగ్లండులోని కాంటర్బరీ చర్చిని తిరిగి కట్టుచున్న ఫ్రెంచి శిల్పి సాన్స్ నగరపు విలియము 1178లో పరంజాపై నుండి సుమారు 50 అడుగుల క్రిందికి పడిపోయినాడు. కలపయు, రాళ్ళును ఆయనతోబాటు పడినవి. కొంతకాలము మంచముపై నుండియే పని నడిపించినాడు గాని, చివరకు మానుకొని స్వదేశమునకు వెళ్ళిపోయినాడు. చర్చి సన్యాసి గెర్వేసు ఈ సంగతిని గ్రంథస్థము చేసినాడు. పడినవాడు ప్రధాన శిల్పి గనుక చరిత్రకు ఎక్కినది. సామాన్య కూలీలు పడిన సంగతులు వ్రాసినవారు అరుదు.

ఫ్లారెన్సు చర్చి గుమ్మటమును 1420లో కట్టనారంభించిన బ్రునెల్లెస్కీ ఎద్దులతో నడిచే ఎత్తుడు యంత్రమును తయారుచేసినాడు. ఎద్దులను వెనుకకు త్రిప్పకుండగనే, పండ్ల చక్రములను మార్చి బరువును పైకి గాని క్రిందికి గాని పంపే ఏర్పాటు అందులో ఉన్నది. జర్మనీలోని కొలోను చర్చిలో మరియొక విచిత్రము జరిగినది. 16వ శతాబ్దములో పని ఆగిపోగా, సగము కట్టిన దక్షిణ గోపురముపై చెక్క క్రేను అట్లే నిలిచిపోయినది. సుమారు 400 ఏండ్లు అది ఆ నగరమునకు గుర్తుగా ఉండి, పని తిరిగి సాగిన తరువాత 1868లో దింపబడినది.

గొలుసు స్థానములో ఉక్కు తాడు

ఆవిరి యంత్రము వచ్చిన తరువాత శక్తికి కొదవ లేకపోయినది. 1846లో విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ న్యూకాసిల్ రేవులో నగరపు మంచినీటి గొట్టములలోని ఒత్తిడితో నడిచే క్రేనును నెలకొల్పినాడు. అయితే శక్తి పెరిగినకొలది ఒక కొత్త బలహీనత బయటపడినది. ఎత్తే యంత్రము ఎంత బలమైనదైనను, బరువు వ్రేలాడేది తాడుపై గాని, గొలుసుపై గాని. జనపనార తాడు తేమకు కుళ్ళిపోతుంది. ఇనుప గొలుసు కుళ్ళదు గాని, దానిలో ఒక దోషము ఉన్నది: వంద కడియములలో ఒక్కటి తెగినను మొత్తము బరువు పడిపోతుంది, తెగుటకు ముందు అది ఏ హెచ్చరికయు ఇవ్వదు.

జర్మనీలోని హార్జ్ పర్వతములలో వెండి గనుల అధికారి విల్‌హెల్మ్ ఆల్బర్ట్ ఈ బాధను ప్రతిదినము చూచేవాడు. గని గొలుసులు మొదట ఎంతో బరువును మోసి, కొంతకాలము తరువాత అంతకంటె తక్కువ బరువుకే తెగిపోయేవి. గొలుసును యంత్రముతో మరల మరల లాగి వదిలి ఆయన పరీక్షలు జరిపినాడు. తరువాత 1834లో క్లౌస్టాల్ వద్ద 'కారొలీన్' అనే గనిలో మొదటి ఇనుప తీగల తాడును వాడినాడు. నాలుగేసి తీగలను పురిపెట్టి ఒక పేట చేసి, అట్టి మూడు పేటలను కలిపి పేనిన తాడు అది.

ఈ తాడులోని గొప్పతనము దాని బలములో మాత్రమే లేదు. ఒక తీగ తెగినను మిగిలిన తీగలు బరువును మోస్తవి. తెగిన తీగ కొన ముల్లువలె పైకి లేచి కంటికి కనిపిస్తుంది, చేతికి గుచ్చుకొంటుంది. అనగా ఈ తాడు తెగిపోవుటకు ముందు మనిషికి చెబుతుంది. నేటి క్రేను తాళ్ళను తనిఖీ చేసే అంతర్జాతీయ ప్రమాణము ఈ గుణముపైననే ఆధారపడినది. తాడు మందమునకు 6 రెట్ల పొడవులో ఎన్ని తీగలు తెగినవి, 30 రెట్ల పొడవులో ఎన్ని తెగినవి అని లెక్కపెట్టుతారు. ఆ సంఖ్య హద్దు దాటినచో తాడు చూపునకు ఎంత గట్టిగా ఉన్నను తీసివేయవలసినదే. మందము తగ్గుట, తుప్పు, మెలి, పేటలు విచ్చి పంజరమువలె ఉబ్బుట - ఇవన్నియు తాడు ఇచ్చే ఇతర హెచ్చరికలు. అయితే తాడు చెప్పినను, వినేవాడు ఉండవలెను గదా.

లోహమునకు కూడ అలసట

ఆల్బర్ట్ గమనించిన వింత గనులకే పరిమితము కాలేదు. 1842 మే 8వ తేదీన ఫ్రాన్సులో వెర్సాయి నుండి పారిస్ వెళ్ళే రైలుబండి ఇంజను ఇరుసు విరిగి, పెట్టెలు ఒకదానిపై ఒకటి ఎక్కి, నిప్పంటుకొని పెక్కుమంది మరణించినారు. ఎన్నో ప్రయాణములు చేసిన ఇరుసు, రోజూ మోసే బరువుకే ఎందుకు విరిగినది? స్కాట్లండు ఇంజనీరు రాంకిన్ విరిగిన ఇరుసులను పరీక్షించి, బీట ఒక్కసారిగా పుట్టదనియు, ఇరుసు మందము హఠాత్తుగా మారే మూల వద్ద సన్నగా మొదలై లోపలికి ప్రాకుతుందనియు చూపినాడు. ఫ్రెంచి శాస్త్రవేత్త పాన్స్‌లే ఈ గుణమునకు అంతకు ముందే 'అలసట' అని పేరు పెట్టి ఉన్నాడు.

ఈ అలసటకు లెక్క కట్టినవాడు జర్మను రైల్వే ఇంజనీరు అగస్ట్ వోలర్. 1850 తరువాత ఇరువది ఏండ్ల పాటు ఇరుసులను త్రిప్పి, వంచి, లాగి పరీక్షించి 1870లో తన ఫలితములను ప్రకటించినాడు. లోహమును అలయజేసేది బరువు ఎంత పెద్దది అనే సంగతి ఒక్కటే కాదు. ఆ బరువు ఎంత మేర హెచ్చుతగ్గులు అవుతున్నది, ఎన్ని మారులు అవుతున్నది అనేవి ముఖ్యము. ఒక్కసారి మోయగల బరువులో సగమైనను, లక్షల సార్లు మోపి తీసినచో లోహము విరగవచ్చును. ఇనుప తీగను చేతితో ఒక్కసారి వంచితే విరగదు. అటూ ఇటూ పదిసార్లు వంచితే విరుగుతుంది. ఇది పిల్లలకు కూడ తెలిసినదే. వోలర్ ఆ తెలిసినదానికి అంకెలను సమకూర్చినాడు.

క్రేను సంరక్షణ శాస్త్రమునకు పునాది ఇదే. 'నిన్న మోసినది గనుక నేడు కూడ మోస్తుంది' అనే మాట మనిషి విషయములో నిజము కావచ్చును గాని, లోహము విషయములో నిజము కాదు.

టవర్ క్రేను పుట్టుక

20వ శతాబ్దపు తొలి దశకములలో జర్మనీలోని కర్మాగారములు ఇండ్ల నిర్మాణమునకై నిలువు స్తంభముపై అడ్డ బాహువు గల క్రేనులను తయారుచేయ నారంభించినవి. ఫ్రాన్సులో ఫోస్తాన్ పోటెన్ 1928లో నెలకొల్పిన సంస్థ తరువాతి కాలములో ఈ రంగమున ప్రసిద్ధికెక్కినది. కాని ఈ యంత్రమునకు నిజమైన గిరాకి రెండవ ప్రపంచ యుద్ధము తరువాతనే వచ్చినది. బాంబులకు నేలమట్టమైన జర్మను నగరములను తిరిగి కట్టవలెను. పనిచేసే మగవారు తక్కువ. కిర్ష్‌డార్ఫ్ అనే ఊరిలో ఇండ్లు కట్టే కుటుంబమునకు చెందిన హాన్స్ లీబెర్ 1949లో ఒక కొత్త క్రేనును తయారుచేసినాడు. దానిని విడి భాగములుగా ఒక చోటి నుండి మరియొక చోటికి తీసికొనిపోయి, త్వరగా నిలబెట్టవచ్చును. 'టి.కె. 10' అను పేరుతో వచ్చిన ఈ యంత్రముతో టవర్ క్రేను సామాన్య నిర్మాణ మేస్త్రీలకు కూడ అందుబాటులోనికి వచ్చినది.

తరువాత భవనములు ఎత్తు పెరిగినవి. వాటితోబాటు క్రేను కూడ పెరుగవలసి వచ్చినది. 1960ల చివర న్యూయార్కులోని ప్రపంచ వాణిజ్య కేంద్రపు జంట భవనములను కట్టుటకు ఆస్ట్రేలియా నుండి తెచ్చిన క్రేనులు భవనముతోబాటు పైకి ఎక్కేవి. అందుచేత వాటిని 'కంగారూ క్రేనులు' అన్నారు. అదే కాలములో, 1955 నుండి 1967 వరకు, కృష్ణానదిపై నాగార్జునసాగర్ ఆనకట్ట రాతి కట్టడముగా లేచినది. అక్కడ రాయి, సున్నము, సిమెంటు పైకి చేరినది ప్రధానముగా వేలాది కూలీల భుజములపైన, తలలపైన. నేడు హైదరాబాదులో గాని, విశాఖపట్టణములో గాని ఎత్తయిన భవనము కట్టే చోట టవర్ క్రేను లేకుండ పని సాగదు. కూలీల తల మీది బరువు తగ్గినది. దానికి బదులుగా వారి తలపై బరువు వ్రేలాడుచున్నది.

తక్కెడ లెక్క

టవర్ క్రేను ఒక పెద్ద తక్కెడ. బరువును, ఇరుసు నుండి దాని దూరమును హెచ్చవేయగా వచ్చేదానిని భ్రామకము అంటారు. స్తంభము నుండి 15 మీటర్ల దూరమున 12 టన్నులు వ్రేలాడినచో భ్రామకము 180 టన్ను-మీటర్లు. అదే క్రేను 60 మీటర్ల దూరమున 3 టన్నులకు మించి ఎత్తలేదు. బాహువు తన సొంత బరువును కూడ మోయవలెను గనుక వాస్తవములో అంతకంటె తక్కువే ఎత్తగలదు. అందుచేత 'ఈ క్రేను ఎన్ని టన్నులది?' అనే ప్రశ్నకు ఒక్క అంకెతో జవాబు లేదు. ఏ దూరమున ఎంత బరువు అనే పట్టిక ప్రతి క్రేనుకు ఉంటుంది. నేల మీద నుండి ఎత్తునపుడు తేలికగా ఉన్న బరువే, బాహువుపై బండి కొన వైపు జరిగినకొలది ప్రమాదకరమవుతుంది. దీనిని అడ్డగించుటకే భ్రామకమును కొలిచి మోటారును ఆపివేసే మీటలు అమర్చుతారు. పని తొందరలో ఆ మీటను కదలకుండ కట్టివేయుట, త్రాసు ముల్లును చేతితో పట్టుకొని తూచుట వంటిది. త్రాసులో మోసపోయేది కొనేవాడు. ఇక్కడ మోసపోయేది క్రింద నిలిచినవాడు.

ఎదురు బరువు ఎక్కువైనను ముప్పే. బరువు లేనప్పుడు క్రేను వెనుకకు ఒరుగ చూస్తుంది. బరువు ఎత్తినప్పుడు ముందుకు ఒరుగ చూస్తుంది. స్తంభముపై బాహువు తిరిగే ఉక్కు వలయమును పట్టి ఉంచే బోల్టులు ఈ రెండు లాగుళ్ళను మార్చి మార్చి అనుభవిస్తవి. రోజుకు వంద సార్లు బరువు ఎత్తి దించినచో, సంవత్సరములో ముప్పది వేల సార్లకు పైగా ఈ మార్పు జరుగుతుంది. ఇది వోలర్ చూపిన అలసటకు సరియైన ఉదాహరణము.

బోల్టును గట్టిగా బిగించుట ఎందుకో కూడ ఇక్కడ తెలుసుకొనవలెను. బాగుగా బిగించిన బోల్టు తాను సాగి, రెండు ఉక్కు పలకలను ఒకదానికొకటి అదిమి పట్టుతుంది. బయటి లాగుడు వచ్చినప్పుడు చాలా భాగము ఆ పలకల అదుముడు సడలుటలోనే ఖర్చయిపోతుంది. బోల్టులోని బలము కొద్దిగానే మారుతుంది. బోల్టు వదులైనచో పూర్తి లాగుడు దానిపైననే పడుతుంది. ఒక బోల్టు తెగినచో దాని వంతు ప్రక్క బోల్టులకు పోతుంది. కనుక ఈ బోల్టులను చేతి అంచనాతో గాక, బిగింపు బలమును కొలిచే పానాతో, తయారీదారు చెప్పిన అంకె వరకు బిగించవలెను. నియమిత కాలమునకు మరల సరిచూడవలెను.

రెండు నగరములు, మూడు ప్రమాదములు

2006 సెప్టెంబరు 26వ తేదీన లండను నగరములోని బాటర్సీ ప్రాంతమున ఒక టవర్ క్రేను పైభాగము కూలిపోయినది. క్రేను డ్రైవరును, ఆ సమయములో వీధిలో ఉన్న ఒక యువకుడును మరణించినారు. తిరిగే వలయపు బోల్టులు అలసటచే తెగిపోయినవని విచారణలో తేలినది. అంతకు సుమారు రెండు నెలల పూర్వము కూడ ఆ క్రేనులో బోల్టులు తెగినవి. అప్పుడు కొత్త బోల్టులు వేసి పని సాగించినారు. ఎదురు బరువు ఉండవలసినదానికంటె ఎక్కువగా ఉన్నదనే కారణము వెదకబడలేదు. కొత్త బోల్టులు కూడ పాత బోల్టుల దారినే పోయినవి. పదేండ్ల తరువాత, 2016లో, కోర్టు ఆ క్రేనును అద్దెకిచ్చిన సంస్థకు జరిమానా విధించినది.

రెండు సంవత్సరములు గడవక ముందే న్యూయార్కులో రెండు ప్రమాదములు జరిగినవి. 2008 మార్చి 15వ తేదీన 51వ తూర్పు వీధిలో క్రేనును భవనమునకు బిగించే ఐదు టన్నుల ఉక్కు పట్టీని అమర్చుచుండగా, దానిని వ్రేలాడదీసిన కృత్రిమ దారముల పట్టె తెగినది. ఉక్కు పట్టీ జారి, క్రింద క్రేనును పట్టి ఉంచిన మరియొక పట్టీపై పడినది. ఆధారము పోయిన క్రేను వీధికి అడ్డముగా ఒరిగి ఇండ్లపై కూలినది. ఏడుగురు మరణించినారు; వారిలో ఒకరు నిర్మాణముతో ఏ సంబంధమును లేక ప్రక్క ఇంటిలో ఉన్నవారు. తెగిన పట్టెలలో ఒకటి అంతకు ముందే అరిగి ఉన్నది. క్రేను ఖరీదుతో పోల్చినచో అట్టి పట్టె ఖరీదు ఎంచదగినది కాదు.

మే 30వ తేదీన అదే నగరములో 91వ తూర్పు వీధిలో మరియొక క్రేను తల విరిగి పడి ఇద్దరు చనిపోయినారు. దాని తిరిగే వలయము మునుపే బీట వారగా దానిని మార్చి వెల్డింగుతో సరిచేసినారు. ఆ వెల్డింగు విడిపోయినది.

ఈ మూడింటిలో యంత్రము ముందుగా చెప్పినది. బోల్టు తెగి చెప్పినది, పట్టె అరిగి చెప్పినది, వలయము బీటవారి చెప్పినది. మూడు చోట్లను విరిగినదానిని మార్చుట లేక అతుకుట జరిగినది గాని, లేక అరిగినదానినే వాడుట జరిగినది గాని, 'ఇది ఎందుకు ఇట్లయినది?' అనే ప్రశ్నకు చివరి వరకు జవాబు వెదకుట జరుగలేదు. మరమ్మతు వేరు, సంరక్షణ వేరు అనే సత్యమును ఈ సంఘటనలు నేర్పినవి.

గాలి, ఎక్కుట, దిగుట

క్రేనుకు మరియొక శత్రువు గాలి. గాలి ఒత్తిడి దాని వేగము యొక్క వర్గమును అనుసరిస్తుంది. సెకనుకు 20 మీటర్ల వేగముగల గాలి చదరపు మీటరుకు సుమారు 25 కిలోగ్రాముల బరువుతో నెట్టుతుంది. వేగము 40 మీటర్లకు పెరిగినచో ఆ ఒత్తిడి సుమారు 100 కిలోగ్రాములు. అనగా వేగము రెండింతలైతే ఒత్తిడి నాలుగింతలు. ఈ హద్దులోపలనే, తయారీదారు చెప్పిన వేగము రాగానే పని ఆపివేయవలెను. ఆపిన తరువాత బాహువును కట్టివేయుట సరికాదు; తిరిగే బ్రేకును వదలి, గాలి ఎటు వీస్తే అటు తిరుగనీయవలెను. గాలిమర కోడివలె అది గాలికి తక్కువ ముఖము చూపి నిలుస్తుంది. తుఫానుల తీరమైన కోస్తా జిల్లాలలో ఈ సంగతి ప్రతి క్రేను డ్రైవరుకు తెలిసి ఉండవలెను. 2015 సెప్టెంబరు 11న మక్కాలో పెనుగాలికి కూలి 111 మంది ప్రాణములు తీసినది టవర్ క్రేను కాదు, పట్టాలపై ప్రాకే వేరొక జాతి క్రేను. పని లేనప్పుడు దించి ఉంచవలసిన దాని పొడవైన బాహువు ఆ దినమున ఎత్తియే ఉన్నది.

క్రేను జీవితములో అన్నింటికంటె అపాయకరమైన దినములు అది బరువులెత్తే దినములు కావు. దానిని నిలబెట్టే దినము, ఎత్తు పెంచే దినము, విప్పే దినము. ఎత్తు పెంచునపుడు స్తంభపు బోల్టులను విప్పి, పైభాగమంతటిని నూనె ఒత్తిడితో నడిచే జాకీపై లేపి, మధ్యలో కొత్త స్తంభపు ముక్కను దూర్చుతారు. ఆ కొద్ది సేపు పైభాగము తక్కెడవలె సరితూగి నిలువవలెను, బాహువు తిరుగరాదు. 2000 మే నెలలో లండనులోని కానరీ వార్ఫ్ వద్ద ముగ్గురు మరణించినది ఇట్టి సమయముననే. 2019 ఏప్రిల్ 27న అమెరికాలోని సియాటిల్ నగరమున క్రేనును విప్పుచున్నప్పుడు, స్తంభపు ముక్కలను కలిపే పిన్నులను అవసరమునకు ముందే చాలా చోట్ల తీసివేసినారు. గాలి విసురుకు స్తంభము విడిపోయి, పనివారు ఇద్దరు, వీధిలో కార్లలో పోవుచున్నవారు ఇద్దరు చనిపోయినారు. ఒక్కొక్క ముక్కకు మాత్రమే పిన్నులు తీయవలెనని తయారీదారు వ్రాసి ఇచ్చిన క్రమము. ఆ క్రమమును పాటించినచో పని కొన్ని గంటలు ఆలస్యమవుతుంది, అంతే.

పరీక్ష కూడ నిర్భయముగా చేయదగినది కాదు. మామూలు పరిమితికంటె 25 శాతము ఎక్కువ బరువును నిశ్చలముగా ఎత్తి చూచుట క్రేనులకు ఆచారము. 2020 ఆగస్టు 1న విశాఖపట్టణములో ఒక నౌకానిర్మాణ కేంద్రమున కొత్త రేవు క్రేనును పరీక్షించుచుండగా అది కూలి 11 మంది మరణించినారు. పరీక్ష జరుగునపుడు యంత్రము ఇంకను నమ్మదగినదని తేలలేదు. కనుక అవసరములేని ఒక్క మనిషియు దాని సమీపమున ఉండరాదనే నియమమునకు ఆ దినము విషాదకరమైన సాక్ష్యము.

కంటికి కనపడనిదానిని చూచుట

ప్రతి ఉదయము డ్రైవరు నిచ్చెన ఎక్కునపుడే తనిఖీ మొదలు కావలెను. పునాది చుట్టు నీరు నిలిచినదా, స్తంభపు పిన్నులకు అడ్డు పిన్నులు ఉన్నవా, అతుకుల వద్ద రంగు పగిలి తుప్పు చారలు కారినవా అని చూడవలెను. రంగులోని సన్నని తుప్పు గీత అనేక పర్యాయములు లోపలి బీటకు ముఖచిత్రము. తరువాత కొద్ది బరువును నేల నుండి అడుగు ఎత్తు లేపి, బ్రేకు నిలుపుచున్నదా అని చూడవలెను. హద్దు మీటలు పనిచేయుచున్నవా అని బరువు లేకుండ సరిచూడవలెను.

కంటికి ఆనని బీటలను పట్టుకొనుటకు వేరు ఉపాయములు ఉన్నవి. రైల్వే కర్మాగారములలో పూర్వము ఇనుప భాగమును నూనెలో ముంచి తుడిచి, సుద్ద పూసేవారు. బీటలో దాగిన నూనె ఊరి సుద్దపై గీతవలె కనిపించేది. నేటి రంగు ద్రవముల పరీక్ష దాని సంతతియే. 1868లో ఇంగ్లండులో సాక్స్‌బీ అయస్కాంతీకరించిన తుపాకి గొట్టముపై దిక్సూచిని నడిపి దోషములను వెదకినాడు. 1920ల తొలి భాగమున అమెరికాలో హోక్, అయస్కాంతపు పట్టులో ఉన్న ఉక్కు ముక్కపై ఇనుప రజను బీటల వెంట బారులు తీరుట గమనించినాడు. బీట వద్ద అయస్కాంత రేఖలు బయటికి పొంగుతవి గనుక రజను అక్కడ చేరుతుంది. ఈ పరీక్షతోను, చెవికి వినపడని ధ్వని తరంగముల పరీక్షతోను వెల్డింగులను, బోల్టులను, వలయములను పరిశీలించుచున్నారు.

చట్టము, పుస్తకము, మనిషి

ఈ అనుభవములనన్నిటిని చట్టములు మెల్లమెల్లగా తమలో చేర్చుకొన్నవి. మన దేశములో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టపు 29వ సెక్షను, ఎత్తే యంత్రములను పన్నెండు నెలలకు ఒకసారియైనను అర్హుడైనవాడు క్షుణ్ణముగా పరీక్షించి రిజిస్టరులో వ్రాయవలెనని, మోయదగిన బరువును యంత్రముపై స్పష్టముగా వ్రాయవలెనని విధించినది. ఫ్యాక్టరీ గోడల బయట పనిచేసే నిర్మాణ కూలీల కొరకు ప్రత్యేక చట్టము 1996లో గాని రాలేదు. ఈ చట్టములను కలుపుకొనుచు 2020లో పార్లమెంటు వృత్తి భద్రతా కోడును ఆమోదించినది. ఇంగ్లండులో 1998 నియమముల ప్రకారము క్రేనును సంవత్సరమునకు, దాని పట్టెలను, కొక్కెములను ఆరు నెలలకు పరీక్షించవలెను. బాటర్సీ ప్రమాదము తరువాత జరిగిన ఆందోళన ఫలితముగా అక్కడ టవర్ క్రేనులను నమోదు చేసే నియమము 2010లో వచ్చి, 2013లో రద్దయినది.

చట్టము తనిఖీ తేదీని నిర్ణయించగలదు. తనిఖీ చేసేవాని శ్రద్ధను నిర్ణయించలేదు. క్రేను ఎక్కకయే రిజిస్టరులో 'అన్నియు సరిగా ఉన్నవి' అని వ్రాయుట ఎంత సులభమో, నలుబది మీటర్ల నిచ్చెన ఎక్కి ఒక్కొక్క బోల్టును తాకి చూచుట అంత కష్టము. క్రేనులు పెక్కుచోట్ల అద్దెకు వస్తవి; ఒక చోట పని ముగియగానే విడిభాగములుగా మరియొక చోటికి పోతవి. అట్టి యంత్రము యొక్క గతమును తెలిపేది దానితోబాటు ప్రయాణము చేసే పుస్తకమొక్కటే. ఏ బోల్టు ఎప్పుడు మార్చబడినది, ఎందుకు తెగినది అని అందులో నిజముగా వ్రాసినచో, తరువాతి ఊరిలో దానిని నిలబెట్టే మేస్త్రీకి ఆ వ్రాతయే రక్ష. ఆపుమని చెప్పిన డ్రైవరు మాటను గౌరవించి పని ఆపే యజమాని ఉన్నప్పుడే ఆ పుస్తకములో నిజము వ్రాయబడుతుంది.

ఏతము తొక్కే రైతు తెల్లవారగానే దూలము మీదికి ఎక్కక ముందు తాడును ఒకసారి చేతితో తడిమి చూచేవాడు. అందుకు అతనికి ఏ చట్టమును అవసరము లేకపోయినది. ఎక్కేది తానే గనుక. టవర్ క్రేను క్రింద నిలిచేవారికి దాని తాడు అందదు, దాని బోల్టు కనపడదు. వారి తరపున ఆ నిచ్చెన ఎక్కి తడిమి చూడవలసిన బాధ్యత దానిని నడిపించేవారిది, దానిని పరీక్షించేవారిది, దానిచేత లాభము పొందేవారిది.